ఎలక్ట్రిక్ బండి కొనేముందు బ్యాటరీ ఏ రకమో అడగండి

షోరూంలో రేంజ్ ఎంత, టాప్ స్పీడ్ ఎంత, ఈఎంఐ ఎంత అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతారు. లోపలున్న సెల్స్ ఏ రకానివి అని అడిగితే మాత్రం చాలా చోట్ల వచ్చే జవాబు ఒకటే: "లిథియం సార్, ఇప్పుడన్నీ లిథియమే." ఈ జవాబుతో మనకు ఒరిగేదేమీ లేదు. లిథియం అన్న పేరు కిందే మూడు నాలుగు రకాలున్నాయి. వాటిలో కొన్ని ఎండకు బాగా తట్టుకుంటాయి, కొన్ని త్వరగా నీరసిస్తాయి. పాతకాలపు లెడ్ యాసిడ్ ఇంకా ఊళ్లలో తిరుగుతూనే ఉంది. సోడియం వస్తోందంటున్నారు, హైడ్రోజన్ వస్తోందంటున్నారు, బ్యాటరీ కొనకుండా అద్దెకు తీసుకోమంటున్నారు. బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే కాబట్టి ఇదంతా ముందే తెలుసుకోవడం మంచిది.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మే నెలలో 45 డిగ్రీలు కాసే మన ప్రాంతంలో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ దగ్గరే లెక్క మొదలుపెట్టాలి. అది వద్దనుకుని వేరేదానికి వెళ్లాలంటే గట్టి కారణం ఉండాలి. అలాంటి కారణాలు కొన్ని నిజంగానే ఉన్నాయి.

లెక్కలో మూడే అంకెలు

మొదటిది, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుంది. కిలోవాట్ అవర్ అని రాస్తారు కదా, అది మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్టే. 45 కిలోవాట్ అవర్ల కారంటే 45 యూనిట్ల కారు. నేను ఇక్కడ యూనిట్లనే అంటాను, బిల్లుతో పోల్చుకోవడం తేలిక.

రెండోది బరువు, అంటే కిలో సెల్స్‌లో ఎన్ని వాట్ అవర్లు పడతాయన్నది (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). లెడ్ యాసిడ్‌లో 30 నుంచి 40. ఎల్‌ఎఫ్‌పీలో సుమారు 160. ఎన్‌ఎంసీ అనే ఇంకో లిథియం రకంలో 200 నుంచి 270 దాకా.

మూడోది సైకిల్స్. పూర్తిగా ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్. సగం వాడి సగం ఎక్కిస్తే అర సైకిల్ కిందే లెక్క, ప్లగ్ పెట్టిన ప్రతిసారీ ఒకటి కాదు. ఈ సైకిల్స్ అంకెను చూపించి భయపెట్టేవాళ్లూ ఉన్నారు, మురిపించేవాళ్లూ ఉన్నారు. ఎవరికి అది ముఖ్యం, ఎవరికి కాదు అన్నది ఒక చిన్న గుణకారంతో తేలిపోతుంది.

సొంత కారు ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుందాం. ఒక ఫుల్ చార్జికి 300 కిలోమీటర్లు వస్తే, ఏడాదికి అయ్యేవి 40 సైకిల్స్. పదేళ్లకు 400. ఏ లిథియం బ్యాటరీ అయినా వెయ్యి సైకిల్స్ సులువుగా దాటుతుంది. కాబట్టి సొంత కారు వాడేవారికి సైకిల్స్ గురించి టెన్షన్ అక్కర్లేదు. వాళ్ల బ్యాటరీని తినేది వయసు, ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగినకొద్దీ సెల్ ముసలిదయ్యే వేగం రమారమి రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది.

రోజూ వంద కిలోమీటర్లకు పైగా తిరిగే ఆటోకి లెక్క తలకిందులు. రోజుకొక సైకిల్, ఏడాదికి మూడు వందలకు పైగా. ఆటో నడిపేవాళ్లకు సైకిల్స్ అంకె అంటే బతుకుతెరువే.

ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ: అసలు పోటీ వీటి మధ్యే

ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇనుము, ఫాస్ఫరస్ ఉంటాయి, కోబాల్ట్ గానీ నికెల్ గానీ ఉండవు. దీన్ని 1990ల్లో టెక్సస్ యూనివర్సిటీలో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. లిథియం బ్యాటరీలకు చేసిన మొత్తం కృషికి ఆయనకు 2019లో నోబెల్ వచ్చింది, అప్పటికి ఆయన వయసు 97. ఎన్‌ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలుస్తాయి. ఖరీదు ఎక్కువ, బరువు తక్కువ.

రెంటికీ ఉన్న పెద్ద తేడా వేడి దగ్గర బయటపడుతుంది. సెల్ లోపల షార్ట్ అయినా, దెబ్బ తగిలినా వేడి తనంతట తానే పెరుగుతూ పోయే దశ ఒకటుంటుంది. ఎన్‌ఎంసీలో అది సుమారు 210 డిగ్రీల దగ్గర మొదలైతే, ఎల్‌ఎఫ్‌పీలో 270 దగ్గర. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఎల్‌ఎఫ్‌పీలో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎన్‌ఎంసీ వేడెక్కితే తనలోని ఆక్సిజన్‌ను వదిలి మంటకు తనే ఆజ్యం పోస్తుంది. అలాగని ఎల్‌ఎఫ్‌పీ అంటుకోనే అంటుకోదని అనుకోవద్దు. అంటుకునే గుణమున్న వాయువులు అందులోంచీ వస్తాయి. నాసిరకం వైరింగ్, చవక బీఎంఎస్ ఉంటే ఏ రకమైనా ప్రమాదమే. బీఎంఎస్ అంటే ప్రతి సెల్ వోల్టేజినీ, వేడినీ కనిపెట్టి అవసరమైతే కరెంటు ఆపేసే సర్క్యూట్.

2022లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు కమ్ముకుని ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడాది ఘటనల తర్వాతే కేంద్రం ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసింది. కొత్త నిబంధనలు 2022 డిసెంబర్ 1న ఒక దశ, 2023 మార్చి 31న రెండో దశ అమల్లోకి వచ్చాయి. అందుకే సెకండ్ హ్యాండ్ స్కూటర్ చూస్తుంటే తయారీ తేదీ 2023 ఏప్రిల్ తర్వాతదేనా అని చూడండి. అంతకు ముందుది ఎంత చవకగా వచ్చినా నేనైతే కొనను. తీసి చార్జ్ చేసే బ్యాటరీని ఏ రకమైనా సరే పడకగదిలో పెట్టొద్దు. మెట్ల కింద కూడా వద్దు, మంట వస్తే బయటికి పోయే దారి అదే కదా.

మరి ఇంత మంచిదైతే అందరూ ఎల్‌ఎఫ్‌పీయే వాడొచ్చుగా? కార్లలో దాదాపు అదే జరుగుతోంది. టాటా నెక్సాన్ ఈవీ, ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, అన్నిటిలోనూ ఎల్‌ఎఫ్‌పీయే. కారులో బరువు కాస్త పెరిగినా సర్దుకుపోతుంది. స్కూటర్‌లో సీటు కింద చోటు తక్కువ. మూడు యూనిట్ల ప్యాక్ ఎన్‌ఎంసీలో 20 కిలోలుంటే ఎల్‌ఎఫ్‌పీలో ఏడెనిమిది కిలోలు ఎక్కువ తూగుతుంది, చోటూ ఎక్కువే తింటుంది. ఆ బ్యాటరీని మూడో అంతస్తుకి మోసుకెళ్లి చార్జ్ పెట్టేవాళ్లకు ఏడు కిలోలంటే మాటలు కాదు. అందుకే పేరున్న స్కూటర్లలో చాలావాటికి ఇంకా ఎన్‌ఎంసీయే వాడుతున్నారు. మంచి బీఎంఎస్, గట్టి కేసింగ్ ఉన్న ఎన్‌ఎంసీ స్కూటర్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని వాడే తీరు మాత్రం వేరు.

ఎన్‌ఎంసీకి రోజువారీ 80 శాతం చాలు. దూరం వెళ్లే ముందు రోజు రాత్రి మాత్రమే వందకు నింపండి. ఫుల్ చార్జితో ఎండలో నిలబెట్టడం దానికి అన్నిటికన్నా చెరుపు. ఎల్‌ఎఫ్‌పీ సంగతి వేరు, వారానికోసారైనా వందకు నింపమని కంపెనీలే చెబుతాయి. దీనికి కారణం ఉంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజి 80 శాతం దగ్గరా, 40 శాతం దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దాంతో ఇంకెంత మిగిలిందో బీఎంఎస్ సరిగ్గా అంచనా వేయలేదు. పూర్తిగా నింపితే లెక్క సరిచేసుకుంటుంది. నెల రోజులు వందకు నింపకుండా వాడి, 18 శాతం చూపిస్తుండగా బండి ఆగిపోయిందని గొడవపడేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

ఎల్‌ఎఫ్‌పీకి చలి పడదు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే పాడవుతుంది. లంబసింగిలో చలి రాత్రుల గురించి దిగులుపడక్కర్లేదు గానీ, కెనడాలోనో మినియాపోలిస్‌లోనో ఉండి ఇది చదువుతున్న మనవాళ్లు బ్యాటరీ హీటర్ ఉన్న మోడలేనా అని చూసుకోవాలి. అక్కడి శీతాకాలానికి ఎన్‌ఎంసీ కొంత మెరుగు.

లెడ్ యాసిడ్ చవకా? గుణించి చూడండి

ఈ-రిక్షాల్లో, లైసెన్స్ అక్కర్లేని చవక స్కూటర్లలో ఇంకా ఇవే. నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపితే 48 వోల్టులు. ఒక్కొక్కటి 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అయితే కాగితం మీద 4.8 యూనిట్లు. దీన్ని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ప్లేట్లు పాడవుతాయి, కాబట్టి నిజంగా వాడుకోగలిగేది రెండున్నర నుంచి మూడు యూనిట్లే. అలా 400 సైకిల్స్ వచ్చాయనుకున్నా, జన్మలో అది ఇచ్చేది 1,000 నుంచి 1,200 యూనిట్లు. అంతే సైజు ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌లో 5 యూనిట్లుంటాయి, నాలుగున్నర నిశ్చింతగా వాడొచ్చు. సైకిల్స్ రెండు వేలే అనుకున్నా 9,000 యూనిట్లు. అంటే లిథియం ప్యాక్ రెండింతలు మూడింతలు ధర చెప్పినా, యూనిట్ లెక్కన అదే చవక. మీ ఊళ్లో చెప్పే ధరలను ఈ రెండు అంకెలతో భాగించి చూసుకోండి.

బరువు కూడా తక్కువేం కాదు. ఆ నాలుగు లెడ్ బ్యాటరీలు కలిపి 110 కిలోలు దాటుతాయి. లిథియం ప్యాక్ 45 కిలోల లోపే. ఆటోవాలాకి ఆ తేడా అంటే ఒక ప్యాసింజర్.

పైగా ఈ-రిక్షా బ్యాటరీల్లో నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. చార్జి లేకుండా వారాల తరబడి వదిలేస్తే సల్ఫేట్ పేరుకుపోయి మళ్లీ లేవదు. దీని పక్షాన చెప్పుకోవాల్సినవి రెండే: పాత బ్యాటరీకి సీసం ధర గ్యారంటీగా వస్తుంది, ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు. చేతిలో డబ్బు లేక, లోన్ రాక లెడ్ తీసుకునేవాళ్లను నేను తప్పుపట్టను. లోన్ వచ్చేవాళ్లు మాత్రం తీసుకోకండి. తిరుపతి పక్కన కరకంబాడిలో దశాబ్దాలుగా లెడ్ బ్యాటరీలు చేస్తున్న అమరరాజా కూడా ఇప్పుడు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీ పెడుతోంది. పదేళ్లలో 9,500 కోట్లు పెట్టుబడి పెడతామని 2022లో ప్రకటించింది. గాలి ఎటు వీస్తోందో అది చెబుతోంది.

కొనడమా, మార్చుకోవడమా, అద్దెకా?

బ్యాటరీ లేకుండా ఎలక్ట్రిక్ బండిని అమ్మొచ్చని, రిజిస్టర్ చేయొచ్చని కేంద్రం 2020 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. దాంతో స్వాపింగ్‌కి దారి తెరుచుకుంది. స్టేషన్‌కి వెళ్లి ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండింది తీసుకుంటే రెండు మూడు నిమిషాల పని. హైదరాబాద్‌లో పుట్టిన రేస్ఎనర్జీ ఆటోల కోసం ఇదే చేస్తోంది.

ఆటో, డెలివరీ బైక్ నడిపేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. చార్జింగ్ పెట్టి మూడు గంటలు ఖాళీగా కూర్చుంటే ఆ మూడు గంటల కిరాయి పోయినట్టే. అద్దె గదిలో ఉంటూ ఓనర్ ప్లగ్ పాయింట్ ఇవ్వని కుర్రాళ్లకూ ఇదే దారి. బ్యాటరీ నీరసిస్తే ఆ నష్టం కంపెనీది, మనది కాదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ స్టేషన్‌లో పట్టదు. కంపెనీ మూతపడితే బండి మూలపడుతుంది. ఇజ్రాయెల్‌లో కార్ల బ్యాటరీ మార్పిడి మొదలుపెట్టిన బెటర్ ప్లేస్ ఎంతో హడావుడి చేసి 2013లో దివాలా తీసింది. కాబట్టి సంతకం పెట్టేముందు మీరు రోజూ తిరిగే రూట్‌లో ఎన్ని స్టేషన్లున్నాయో మీరే వెళ్లి చూడండి, యాప్‌లో చుక్కలు చూసి నమ్మొద్దు. సాయంత్రం ఏడింటికి వెళ్తే నిండిన బ్యాటరీ దొరుకుతోందా అన్నది అక్కడ నిలబడ్డ ఆటోవాళ్లను అడిగితే తెలుస్తుంది.

కార్లకు వస్తే, 2024 సెప్టెంబర్‌లో ఎంజీ విండ్సర్‌ను 9.99 లక్షలకు, బ్యాటరీకి కిలోమీటర్‌కు మూడున్నర రూపాయల అద్దెతో తెచ్చారు. బ్యాటరీతో కలిపి కొంటే అప్పట్లో 13.50 లక్షలు. తేడా మూడున్నర లక్షలు, అంటే ఇంచుమించు లక్ష కిలోమీటర్ల అద్దె. వడ్డీ పక్కన పెడితే, లక్ష కిలోమీటర్ల లోపు తిప్పి అమ్మేసేవాళ్లకు అద్దె బాగుంటుంది, దాటేవాళ్లకు కొనుక్కోవడమే బాగుంటుంది. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు డబ్బు కట్టాలన్న షరతు పెట్టే స్కీములుంటాయి. ఆదివారం గుడికీ, పెళ్లిళ్లకీ మాత్రమే కారు తీసే ఇంటికి ఆ షరతు దండగ.

ఎల్‌టీవో, సోడియం, హైడ్రోజన్ వగైరా

ఎల్‌టీవో, అంటే లిథియం టైటనేట్, పది నిమిషాల్లో నిండుతుంది, పది వేల సైకిల్స్ దాటుతుంది. కిలోకి 60 నుంచి 80 వాట్ అవర్లే, ధర మాత్రం మండిపోతుంది. మారుతి మైల్డ్ హైబ్రిడ్ (ఇంజిన్‌కి మోటార్ కాస్త సాయం మాత్రమే చేసే) కార్లలో ముందు సీటు కింద ఉండే చిన్న బ్యాటరీ ఈ జాతిదే, తోషిబా టెక్నాలజీ. మామూలు కొనుగోలుదారు దీని కోసం వెతకాల్సిన పనిలేదు.

సోడియం అయాన్ గురించి ఎక్కువమంది అడుగుతున్నారు. ఉప్పులో దొరికే సోడియం, కొరత లేదు. రాగి రేకు బదులు రెండు వైపులా అల్యూమినియం వాడొచ్చు, చలికి బాగా తట్టుకుంటుంది. చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లో కిలోకి 160 వాట్ అవర్ల సోడియం సెల్ చూపించింది, 2025లో 175కి తెచ్చింది. అంటే ఎల్‌ఎఫ్‌పీ దరిదాపుల్లోకి వచ్చేసింది. మన దేశంలో రిలయన్స్ బ్రిటన్‌కి చెందిన ఫారడియన్‌ను కొనేసింది. మరి రోడ్ల మీద ఎందుకు కనబడట్లేదు? లిథియం చవకైపోయింది కాబట్టి. 2022 చివర్లో చైనాలో లిథియం కార్బొనేట్ టన్ను ఆరు లక్షల యువాన్ల దాకా పోయింది, ఏడాది తిరిగేసరికి లక్ష దగ్గరికి పడిపోయింది. సోడియం మీద ఉన్న ఆశ అంతా లిథియం ఖరీదు మీదే నిలబడింది. దీని కోసం కొనడం వాయిదా వేయొద్దు. సోలార్ పెట్టుకుని ఇంట్లో నిల్వ చేసుకునేవాళ్లకు, చవక ఆటోలకు తర్వాత్తర్వాత పనికిరావచ్చు.

హైడ్రోజన్ విషయంలో నాకు మొహమాటం లేదు, సొంత కారుకి అది దండగ. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. దాన్ని ఫ్యూయల్ సెల్‌లో, అంటే హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే యంత్రంలో పెడితే తిరిగొచ్చేది 17 నుంచి 20 యూనిట్లే. మధ్యలో 700 బార్ ఒత్తిడికి కుదించడానికి ఇంకొంత ఖర్చు. అవే 50 యూనిట్లు బ్యాటరీలో పోస్తే 40 దాకా చక్రాలకు చేరతాయి. టయోటా హైడ్రోజన్ కారు మిరాయ్‌ను 2022లో ఢిల్లీలో ప్రయోగంగా నడిపారు, నింపుకోవడానికి బంకులేవి? అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ వచ్చే హైడ్రోజన్‌కు ఎరువుల ఫ్యాక్టరీలు, రిఫైనరీలు, ఓడలు ఉన్నాయి. కారు కొనే మీకూ నాకూ దాంతో పనిలేదు.

అల్యూమినియం ఎయిర్ బ్యాటరీని ఇజ్రాయెల్ కంపెనీ ఫినర్జీతో కలిసి ఇండియన్ ఆయిల్ ముందుకు తెస్తోంది. దాన్ని ప్లగ్‌లో పెట్టి చార్జ్ చేయలేం, అరిగిన పలకలు మార్చాల్సిందే. సూపర్ కెపాసిటర్ దోసిట్లో నీళ్లు పట్టినట్టు, క్షణంలో నిండి క్షణంలో అయిపోతుంది. స్టాప్ స్టాప్‌కి చార్జ్ చేసుకునే సిటీ బస్సుకు పనికొస్తుందని షాంఘైలో 2006 నుంచి నడిపి చూపించారు. సాలిడ్ స్టేట్ (లోపల ద్రవం బదులు ఘన పదార్థం ఉండే బ్యాటరీ) పేరు చెప్పి "రెండేళ్లు ఆగండి" అనేవాళ్లు పదేళ్లుగా ఆ మాటే అంటున్నారు.

ఘాట్ రోడ్డు సంగతి ఒకటి

తిరుమల ఘాట్‌లో 2022 నుంచి ఒలెక్ట్రా ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. కొండ దిగేటప్పుడు మోటార్ జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. సొంత బండిలో శ్రీశైలమో అరకో వెళ్లేవాళ్లు ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి. కొండ మీద వందకు నింపుకుని దిగితే, నిండిన బ్యాటరీ కొత్త కరెంటును తీసుకోలేదు. మోటార్ బండిని వెనక్కి లాగే బలం తగ్గిపోయి పాదం కింద బ్రేకే దిక్కవుతుంది. ఎల్‌ఎఫ్‌పీ అయినా ఎన్‌ఎంసీ అయినా పైన 80 దగ్గర ఆపేయండి.

వారంటీ, పాత బండి

కార్లకు ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు సాధారణంగా ఇచ్చే వారంటీ. కొన్ని కంపెనీలు "లైఫ్‌టైమ్" అంటున్నాయి. చిన్న అక్షరాలు చదివితే అది మొదటి ఓనర్‌కు మాత్రమే అని ఉంటుంది, రెండో చేతికి వెళ్తే తగ్గిపోతుంది. కెపాసిటీ ఎంత శాతానికి పడితే మారుస్తారో కాగితం మీద ఉందా లేదా చూడండి. ఆ అంకె లేని వారంటీ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తప్ప పనికిరాదు.

పాత కారు కొంటుంటే సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్ట్ తీయించండి. కుదరకపోతే మీరే తేల్చుకోవచ్చు. వందకు నింపించి, 20 శాతం వచ్చేదాకా నడిపి, మళ్లీ వందకు ఎక్కించండి. ఎక్కించేటప్పుడు మీటర్‌లో తిరిగిన యూనిట్లు చూడండి. చార్జర్‌లో పదో వంతు దాకా వేడిగా పోతుంది. 45 యూనిట్ల కారుకి మీటర్ 40 చూపిస్తే బ్యాటరీ కొత్తదానిలాగే ఉంది. 32 చూపిస్తే లోపలికి వెళ్లింది 29 లోపు, అంటే మొత్తం బ్యాటరీ 36 యూనిట్లకు తగ్గింది, ఐదో వంతు పోయింది. ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. అమ్మేవాళ్లు ఈ పరీక్షకే ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.